వార్తల్లో పదం: టీపీఎం 2.0

ట్రస్టెడ్ ప్లాట్‌ఫామ్ మాడ్యూల్ అనే భద్రతా చిప్‌కు పొట్టిపేరు టీపీఎం. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిశాక, విండోస్ 11కు మారబోతే మొరాయిస్తున్న పీసీల పుణ్యమా అని ఈ పేరు బాగా వినిపిస్తోంది. కొత్త విండోస్‌కు ఇందులో 2.0 వెర్షన్ తప్పనిసరి.

డిస్కులోని డేటాకు వేసిన తాళంచెవిని ఈ చిప్ తన దగ్గరే దాస్తుంది. పీసీ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రాముల ఆనవాళ్లు నమోదు చేస్తుంది. ఎవరైనా వాటిని మార్చి ఉంటే తాళంచెవి ఇవ్వదు.

చాలాసార్లు చిప్ లేక కాదు, ఆన్‌లో లేకే చిక్కు. విండోస్, ఆర్ మీటలు కలిపి నొక్కి, ‘టీపీఎం డాట్ ఎంఎస్‌సీ’ అని ఇంగ్లిష్‌లో కొడితే వెర్షన్ కనిపిస్తుంది. అసలేమీ లేదంటే పీసీ మూల సెట్టింగులుండే బయోస్‌లో వెతకాలి. అక్కడ చాలాసార్లు దీన్ని నేరుగా టీపీఎం అనరు, అదో తలనొప్పి: ఇంటెల్‌లో పీటీటీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం. కొన్ని బోర్డుల్లో సెక్యూరిటీ మెనూలో కాక అడ్వాన్స్‌డ్‌లో ఉంటుంది.

2.0 ఉన్నా కుదరకపోతే ప్రాసెసర్ చూడండి. ఇంటెల్‌లో దాదాపు 8వ తరానికి ముందువి అర్హుల జాబితాలో లేవు. బయోస్‌లో చెయ్యి పెట్టేముందు మాత్రం, డిస్కుకు విండోస్ వేసే తాళమైన బిట్‌లాకర్ రికవరీ కీని కాగితం మీద రాసిపెట్టుకోండి.