మీకు తెలుసా? పల్లాడియమును మేల్కొలుపు క్వినోను

హైటెక్ సిటీ కార్యాలయములలోని ఎలక్ట్రానిక్ పరికరములయందు కొన్ని విద్యుత్సంధులకు పూతగా నుపయోగపడు పల్లాడియము, రసాయనశాలలో ఉత్ప్రేరకముగా మఱియొక వృత్తి నవలంబించును. నీటి సమక్షమున ఇథిలీనును ఎసిటాల్డిహైడుగా మార్చి, తాను రెండు ఎలక్ట్రానులను గ్రహించి లోహరూపమున నిర్వ్యాపారమగు నా పల్లాడియమును మరల పూర్వస్థితికి దెచ్చుటకు, 1959లో వెలువడిన జర్మనీ దేశపు వాకర్ పద్ధతియందు తామ్రలవణమును, ప్రాణవాయువును వినియోగించిరి. బెంజోక్వినోను అను క్వినోను కూడ ఆ ఎలక్ట్రానులను గైకొని, హైడ్రోక్వినోనుగా మారి, ఆ కార్యమునే నెఱవేర్పగలదు.

విచిత్రమేమనగా, ఎలక్ట్రానుల నాకర్షించు శక్తిని దెలుపు ప్రామాణిక విభవము పల్లాడియము అయానునకు 0.95 వోల్టులు కాగా, క్వినోనునకు 0.70 వోల్టులే, కావున లెక్కప్రకారము క్వినోనే యోడవలెను. అయినను క్లోరైడు అయానులు చుట్టుకొనినచో పల్లాడియము విభవము సుమారు 0.6 వోల్టులకు దిగిపోవును, అపుడు క్వినోనే గెలుచును. క్వినోను బలము మాత్రము ఆమ్లత్వముపై నాధారపడును. పిహెచ్ ఒక అంకె పెరిగినపుడెల్ల దాని విభవము సుమారు 0.06 వోల్టు తగ్గును.

హైడ్రోక్వినోను విద్యుద్ఘటమునందలి ఆనోడువద్ద ఎలక్ట్రానులను విడిచి మరల క్వినోనగును గనుక, స్వల్పమాత్రమగు క్వినోనుతోడనే ఈ చక్రము నిరంతరము సాగగలదు.