చిన్న డీజిల్ కారు, వెనక ఒక ఇల్లు

కారు కొనేటప్పుడు ఎవరైనా ముందుగా అడిగేది ఇంజను బలం గురించే. ఆ కారు వెనక రెండు పడకలు, పొయ్యి, నీళ్ళ ట్యాంకు ఉన్న చక్రాల గదిని తగిలించుకుని వెయ్యి కిలోమీటర్లు పోదామనుకున్నా మొదట వచ్చే ప్రశ్న అదే: ఇంత చిన్న బండి లాగగలదా? సినిమా షూటింగుల దగ్గర మనం చూసే క్యారవాన్‌కు సొంత ఇంజను ఉంటుంది. యూరప్‌లో లక్షల కుటుంబాలు సెలవులకు వెంట తీసుకుపోయే క్యాంపర్ ట్రైలర్‌కు, అక్కడ కారవాన్ అనేదానికి, ఇంజను ఉండదు. అది పూర్తిగా ముందున్న కారు మీద ఆధారపడి నడవాల్సిందే. అందుకే ఆ ప్రశ్న సహజంగా తోస్తుంది. కానీ ఆ ట్రైలర్ చరిత్రనూ, దాన్ని లాగే చిన్న డీజిల్ కారు చరిత్రనూ పక్కపక్కన పెట్టి చదివితే వేరే విషయం బయటపడుతుంది. లాగే బలం అన్నది దాదాపు ముప్ఫై ఏళ్ళ కిందటే తీరిపోయిన సమస్య. ఈనాటికీ హద్దు గీస్తున్నది ట్రైలర్ బరువు, ఆ బరువు ఎక్కడ ఉందన్న సంగతి, దాన్ని ఆపగలమా, వంకర పోకుండా పట్టి ఉంచగలమా అన్న సంగతి. ఇంజనీర్లు ఈ యంత్రానికి చేసిన మేలంతా అక్కడే ఉందని నా వాదన.

ఈ కథ గుర్రాలతో మొదలైంది. బ్రిటన్ నౌకాదళంలో వైద్యుడిగా పనిచేసి రిటైరైన గోర్డన్ స్టేబుల్స్ 1885లో విహారయాత్ర కోసమే ఒక చక్రాల ఇల్లు చేయించుకున్నాడు. పేరు ‘వాండరర్’. బ్రిస్టల్ వ్యాగన్ వర్క్స్ కట్టిన ఆ కర్ర బండి దాదాపు రెండు టన్నులు తూగేది; రెండు గుర్రాలు లాగేవి. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక, 1919లో, బర్మింగ్‌హామ్‌లోని ఎకిల్స్ సంస్థ మోటారు కార్ల వెనక తగిలించే గదుల తయారీ మొదలుపెట్టింది. జర్మనీలో ఆరిస్ట్ డెత్‌లెఫ్స్ అనే కొరడాల తయారీదారు వ్యాపారం కోసం ఎప్పుడూ ఊళ్ళు తిరుగుతుండేవాడు. కాబోయే భార్య, చిత్రకారిణి ఫ్రీడెల్ ఎడెల్మాన్ తానూ వెంట వస్తానంది. ఆమె కోసం 1931లో అతను కట్టిన గదినే జర్మనీ తన తొలి కారవాన్‌గా చెప్పుకుంటుంది. ఈ తొలి తరం వాళ్ళకు తెలిసిన పని వడ్రంగం. ఇంటిని తేలిక చేయడమనే శాస్త్రం అప్పటికి ఇంకా ఆ రంగంలోకి రాలేదు.

ఆ శాస్త్రాన్ని తెచ్చినవాడు ఒక విమాన ఇంజనీరు. రెండో ప్రపంచయుద్ధం చివరి నెలల్లో ఎరిక్ బాఖెమ్ ‘నాటర్’ అనే రాకెట్ విమానాన్ని రూపొందించాడు. నిట్టనిలువుగా పైకి లేచిన ఆ విమానంలో 1945 మార్చి 1న తొలిసారి మనిషి ఎక్కాడు. నిమిషం గడవకుండానే అది కూలి పైలట్ చనిపోయాడు. ఆ చేతులే పన్నెండేళ్ళ తర్వాత సెలవుల గదిని డిజైన్ చేశాయి. బాడ్ వాల్జే పట్టణంలో బళ్ళు బాగుచేసే కుటుంబానికి చెందిన ఎర్విన్ హైమర్‌తో కలిసి బాఖెమ్ 1957లో మొదటి నమూనా తయారుచేశాడు. అతని పేరులోని అక్షరాలతోనే ఆ కారవాన్లకు ‘ఎరిబా’ అని పేరొచ్చింది. విమానం దేహాన్ని కట్టినట్టు సన్నని ఉక్కు గొట్టాలతో చట్రం చేసి, దాని మీద అల్యూమినియం రేకు తొడిగారు. నడిచేటప్పుడు పైకప్పు కిందికి దిగి ఉంటుంది. ఆగాక పైకి లేపితే లోపల మనిషి నిలబడవచ్చు. అప్పటి జర్మనీలో సామాన్యుడి కారు ఫోక్స్‌వ్యాగన్ బీటిల్, దాని బలం 30 హార్స్‌పవర్. ఇంజను ఎంత ఉందో అంతే ఉందని ఒప్పుకుని, వెనకున్న ఇంటిని కుదించడం ద్వారా బాఖెమ్ సమస్యను పరిష్కరించాడు. ఈ యంత్రం జీవితంలో అన్నిటికన్నా తెలివైన నిర్ణయం ఇదేనని నేననుకుంటాను. పైకప్పును దించడంలో సౌకర్యం కన్నా పెద్ద లాభం ఉంది. గాలికి ఎదురయ్యే వైశాల్యం తగ్గుతుంది; గాలి నిరోధం ఆ వైశాల్యంతో పాటు, వేగం వర్గంతో పాటు పెరుగుతుంది మరి. వేగం 80 నుంచి 100 కిలోమీటర్లకు పెరిగితే గాలి నిరోధం ఒకటిన్నర రెట్లు దాటుతుంది.

ఇక ముందున్న కారు సంగతి. రుడాల్ఫ్ డీజిల్ ఇంజనును 1897లో ఔగ్స్‌బర్గ్‌లో పరీక్షించినప్పుడు ఇంధనంలోని శక్తిలో 26 శాతం పనిగా మారింది. అప్పటి ఆవిరి యంత్రాలు ఆ దరిదాపుల్లో కూడా లేవు. కానీ ఇంజను బరువు, మోత, నెమ్మది కారణంగా అది కార్లలోకి రావడానికి నలభై ఏళ్ళు పట్టింది: 1936లో మెర్సిడెస్ 260 డి వచ్చింది. చిన్న కారుకు డీజిల్‌ను అలవాటు చేసింది 1976లో వచ్చిన గోల్ఫ్ డీజిల్, 1.5 లీటర్లు, 50 హార్స్‌పవర్. పొదుపే తప్ప దానికి లాగే సత్తా పెద్దగా లేదు. ఇంధనం ముందుగా ఒక చిన్న పక్కగదిలో మండి, ఆ మంట సిలిండర్లోకి వచ్చేది. దారిలో బోలెడు వేడి వృథా అయ్యేది. ఇంధనాన్ని సూటిగా సిలిండర్లోకే చిమ్మి, టర్బోతో గాలిని కూరితే ఆ వృథా తగ్గుతుంది. 1980ల చివర ఫియట్ క్రోమాలో, 1989లో ఆడి 100లో ఈ పద్ధతి వచ్చింది. అక్కణ్ణుంచి 1993లో గోల్ఫ్‌కు దిగింది: 1.9 లీటర్ల టిడిఐ, 90 హార్స్‌పవర్, 1900 చుట్ల దగ్గరే 202 న్యూటన్ మీటర్ల టార్క్.

ఈ చివరి అంకె దగ్గర కొంచెం ఆగాలి. టార్క్ అంటే ఇరుసును తిప్పే బలం. దాన్ని చుట్ల వేగంతో గుణిస్తే హార్స్‌పవర్ వస్తుంది. 1900 చుట్ల దగ్గరే ఈ ఇంజను దాదాపు 55 హార్స్‌పవర్ ఇస్తుంది. అదే కాలపు 1.6 లీటర్ల పెట్రోలు ఇంజను ఆ చుట్ల దగ్గర దానిలో సుమారు పదింట ఆరు పాళ్ళకే పరిమితం. మిగతా బలం కావాలంటే గేరు తగ్గించి ఇంజనును అరిపించాలి. మనుషులతో కలిపి 1400 కిలోల కారు, వెనక 800 కిలోల ట్రైలర్ అనుకుందాం. చదును రోడ్డు మీద గంటకు 80 కిలోమీటర్ల వేగానికి చక్రాల దగ్గర ఇరవై, పాతిక హార్స్‌పవర్ చాలు. నూటికి ఆరు వంతులు లేచే ఎక్కుడులో అదే వేగానికి సుమారు 60 కావాలి. 50 హార్స్‌పవర్ పాత గోల్ఫ్ ఆ ఎక్కుడులో వేగం పోగొట్టుకుంటుంది. 1993 నాటి గోల్ఫ్ ఒక గేరు తగ్గించి పైకి ఎక్కేస్తుంది. పదేళ్ళకు ఫియట్ 1.3 లీటర్ల మల్టీజెట్ ఇంజనును తెచ్చింది. మన తెలుగు రోడ్ల మీద మారుతి స్విఫ్ట్‌లోనూ, టాటా ఇండికా విస్టాలోనూ తిరిగింది అదే: 75 హార్స్‌పవర్, 2000 చుట్ల దగ్గర 190 న్యూటన్ మీటర్లు. ఎక్కువ పీడనంతో ఇంధనం చిమ్మే కామన్ రైల్ వల్ల అంత చిన్న ఇంజనుకు అంత పట్టు దొరికింది. బలం సమస్య తీరిందని నేననడానికి ఆధారాలు ఇవే.

అయితే ఆ బలమంతా ముందుకు లాగేదే. ట్రైలర్ వెనక నుంచి తోసినప్పుడు, పక్కకు ఊగినప్పుడు అది అక్కరకు రాదు. డీజిల్ ఇంజనులో ఇంకో చిక్కు ఉంది. పెట్రోలు ఇంజనులో కాలు తీయగానే గాలి దారి మూసుకుపోయి, ఇంజను ఆ శూన్యానికి ఎదురు లాగుతూ బండిని వెనక్కి పట్టుకుంటుంది. డీజిల్‌లో గాలి దారి మామూలుగా తెరిచే ఉంటుంది. లోపల నొక్కుకుపోయిన గాలి స్ప్రింగులా తిరిగి తోసేస్తుంది. కాబట్టి ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఇంజను వల్ల దొరికే పట్టు తక్కువే. దిగుడు భారమంతా బ్రేకుల మీద పడుతుంది. ట్రైలర్‌కు సొంత బ్రేకు లేకపోతే కారు బ్రేకులే రెండింటినీ ఆపాలి. యూరప్ చట్టం బ్రేకులేని ట్రైలర్‌ను 750 కిలోలు దాటనివ్వదు. కారు బరువులో సగం దాటనివ్వదు. అంతకు మించినదానికి తోపుడు బ్రేకు ఉండాలి. ఈ బ్రేకు ఏర్పాటు చాలా ముచ్చటైనది. కారు నెమ్మదించగానే ట్రైలర్ ముందుకు తోసుకొస్తుంది. ఆ తోపుకు కొక్కెం వెనకున్న కడ్డీ లోపలికి జరిగి, తీగను లాగి, ట్రైలర్ చక్రాలకు బ్రేకు వేస్తుంది. ఎంత గట్టిగా తోస్తే అంత గట్టిగా తనను తానే ఆపుకుంటుంది. కారు నుంచి దానికి ఏ కరెంటూ, ఏ నూనె గొట్టమూ అక్కర్లేదు. కొక్కెం ఊడిపోతే ఇంకో తీగ బిగిసి బ్రేకు పట్టేస్తుంది. చిన్న కారు ఇంత ఇంటిని వెంటేసుకుని తిరగగలుగుతున్నదంటే ఆ పుణ్యంలో ఎక్కువ భాగం ఈ కడ్డీదే.

ఊగడం ఇంతకన్నా భయంకరమైనది. పక్కగాలి కొట్టినా, పెద్ద లారీ దాటిపోయినా ట్రైలర్ తోక కాస్త అటూఇటూ కదులుతుంది. వేగం తక్కువగా ఉంటే టైర్ల పట్టు ఆ ఊపును రెండు మూడు విసుర్లలో చంపేస్తుంది. వేగం పెరిగే కొద్దీ ఆ చంపే గుణం తగ్గుతూ, ఒక వేగం దాటాక పూర్తిగా మాయమవుతుంది. ఇక ప్రతి విసురూ ముందుదానికన్నా పెద్దదవుతుంది; చివరికి ట్రైలర్ కారును కూడా తిప్పేస్తుంది. ఆ హద్దు ఎక్కడన్నది ట్రైలర్ బరువును బట్టి ఉంటుంది. బరువు ఇరుసుకు ఎంత దూరంలో ఉందన్నదాన్ని బట్టి కూడా ఉంటుంది. బాత్ విశ్వవిద్యాలయం ఇంజనీర్లు బరువులు అటూఇటూ మార్చడానికి వీలున్న ట్రైలర్‌ను కట్టి దీన్ని పరీక్షించారు. ఎడ్లబండి తోలిన రైతుకు ఇందులో సగం ఎప్పుడో తెలుసు: బరువు వెనక్కి పడితే కాడి పైకి లేస్తుంది, ముందుకు ఎక్కువైతే ఎడ్ల మెడలు విరుగుతాయి. యూరప్‌లో కొక్కెం మీద ట్రైలర్ బరువులో నాలుగు నుంచి ఏడు శాతం పడాలన్నది వాడుక. చిన్న కార్లకు ఆ బరువు హద్దు తరచుగా 75 కిలోల చుట్టూ ఉంటుంది. బరువు ఇరుసుకు ఎంత దూరంలో ఉందన్న రెండో సగమే రైతుకు ఎదురుకానిది, ఎందుకంటే అది వేగంతోనే బయటపడుతుంది. ముందు చివర గ్యాస్ సిలిండరూ వెనక చివర సైకిళ్ళూ పెట్టి తూకం సరిచేస్తే కొక్కెం మీద అంకె బాగానే కనిపిస్తుంది. ట్రైలర్ మాత్రం ఊపు అందుకుంటే ఆగదు.

నా వాదనకు వచ్చే అభ్యంతరాలలో మొదటిది బరువైనదే: డీజిల్ కార్లకు పెట్రోలు కార్లకన్నా ఎక్కువ లాగే అనుమతి ఎందుకిస్తారు, బలం లెక్కలోకి రాకపోతే? వస్తుంది, కానీ ఎక్కడ వస్తుందో చూడాలి. యూరప్ పరీక్షలో కారు, ట్రైలర్ కలిసి నూటికి 12 వంతుల ఎక్కుడులో ఐదు నిమిషాల్లో ఐదుసార్లు ఆగి కదలాలి. ఇది క్లచ్ వేడెక్కకుండా కదలగలగడానికి పరీక్ష. తక్కువ చుట్ల దగ్గర డీజిల్‌కున్న పట్టు అక్కడ నిజంగా ఆదుకుంటుంది. గుంట నుంచి లేవగలిగినంత మాత్రాన వందలో పరుగెత్తగలదని అర్థం కాదు. రెండో అభ్యంతరం ఎలక్ట్రానిక్స్ గురించి. ఊపు మొదలవగానే కారు చక్రాలకు ఒక్కొక్కదానికీ వేర్వేరుగా బ్రేకు వేసి దాన్ని అణిచే వ్యవస్థలు ఇప్పుడు చాలా కార్లలో ఉన్నాయి. కొక్కెం దగ్గర రాపిడితో ఊపును తగ్గించే పరికరాలూ ఉన్నాయి. అవి ప్రాణాలు కాపాడతాయి, ఉండాలి కూడా. కానీ వాటికి కూడా టైర్ల పట్టు తప్ప వేరే ఆధారం లేదు. చక్రం రోడ్డును ఎంత పట్టుకోగలదో అంతకు మించి ఏ కంప్యూటరూ పట్టించలేదు.

అలాగైతే పెద్ద ఎస్‌యూవీ కొనుక్కుంటే పోలేదా అనేవారున్నారు. బరువైన కారు ట్రైలర్‌ను మెరుగ్గా అదుపులో పెడుతుంది, నిజమే. అయితే సెలవుల రెండు వారాల కోసం ఏడాది పొడుగునా రెండు టన్నుల బండిని ఊళ్ళో తిప్పడం ఏ లెక్కన చూసినా వృథా. పైగా పెద్ద కారు వచ్చిన ఇంట్లో ట్రైలర్ కూడా పెద్దదవుతుంది. నిష్పత్తి మళ్ళీ మొదటికొస్తుంది.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం డీజిల్ మీదే. 2015 సెప్టెంబరులో అమెరికా పర్యావరణ సంస్థ ఫోక్స్‌వ్యాగన్ మోసాన్ని బయటపెట్టింది. పరీక్షలో శుభ్రంగా, రోడ్డు మీద మురికిగా నడిచేలా సాఫ్ట్‌వేర్ పెట్టిన కార్లు ప్రపంచమంతటా దాదాపు కోటీ పది లక్షలు. ఆ నేరాన్ని ఎవరూ తేలిక చేయకూడదు. నైట్రోజన్ ఆక్సైడ్లు పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతాయి; ఇంజను మీద భారం పెరిగే కొద్దీ అవి ఎక్కువ పుడతాయి, ఎక్కుడులో ట్రైలర్ లాగడం సరిగ్గా అలాంటి భారమే. యూరియా ద్రావణంతో వాటిని విరగ్గొట్టే ఏర్పాటు ఉన్న కొత్త డీజిళ్ళు చాలా మేలు, పాతవాటిని సమర్థించలేం. మన దేశంలో మారుతి 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లే మానేసింది. ఇక రాబోయేది విద్యుత్ కారు. దాని మోటారు సున్నా చుట్ల నుంచే పూర్తి టార్క్ ఇస్తుంది, అంటే బలం విషయంలో డీజిల్‌ను మించిపోయింది. అయినా వెనక ఎత్తయిన కారవాన్ తగిలిస్తే ఒక్క చార్జింగ్‌తో పోగల దూరం సగానికి దగ్గరగా పడిపోతుంది. బలం ఎంత ఉన్నా గాలీ బరువూ వదిలిపెట్టడం లేదు. దించుకునే పైకప్పుతో 1957లో బాఖెమ్ చూపిన దారి విద్యుత్ కారుకు ఇంకా ఎక్కువ అవసరం.

జర్మనీలో ట్రైలర్ ఉన్న కారుకు వేగ పరిమితి 80. హైవేల మీద 100 దాకా పోనిచ్చే ప్రత్యేక అనుమతి ఉంది. దానికి కారులో ఏబీఎస్ ఉండాలి, ట్రైలర్ టైర్లు ఆరేళ్ళు దాటకూడదు, ఊపును తగ్గించే పరికరాలను బట్టి కారు బరువులో ట్రైలర్ బరువు ఇంత మించకూడదు. హార్స్‌పవర్ ఎంతని ఆ నిబంధన అడగదు. జర్మనీలోనో బ్రిటన్‌లోనో ఉంటూ ఈ వేసవికి కారవాన్ అద్దెకు తీసుకోవాలనుకునే తెలుగు కుటుంబాలకు నా మనవి ఇదే. ఇంజను గురించి అడిగే ముందు మీ కారు పత్రంలో లాగే హద్దు, కొక్కెం మీద బరువు హద్దు చూడండి. నీళ్ళ ట్యాంకు ఖాళీగా ఉంచి, బియ్యం బస్తా, కుక్కర్, సామాన్ల పెట్టె ఇరుసు మీదికి, నేలకు దగ్గరగా సర్దండి. టైరు పక్కభాగం మీద నాలుగంకెల్లో తయారైన వారం, ఏడాది ఉంటాయి, చదవండి. ట్రైలర్ ఊగడం మొదలైతే స్టీరింగ్‌తో పోట్లాడకుండా తిన్నగా పట్టుకుని, యాక్సిలరేటర్ మీద కాలు తీసేయండి.