కాలిన రెసిస్టరు విలువ ఎంత?

స్టీరియోలో ఒక స్పీకరు మూగబోయిందనుకోండి. లోపల ఒక రెసిస్టరు మాడి బొగ్గయింది, రంగుపట్టీలు కనిపించవు. కొత్తది ఎంత విలువది వేయాలి?

జాగ్రత్త! ప్లగ్గు తీసినా కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. కాబట్టి పని తెలిసిన పెద్దవారే మూత తీయాలి.

స్టీరియోలో కుడి, ఎడమ భాగాలు సాధారణంగా ఒకేలా ఉంటాయి. బాగున్న వైపు, అదే స్థానంలోని రెసిస్టరును చూడండి. మొదటి మూడు పట్టీలు గోధుమ, నలుపు, గోధుమ అయితే 100 ఓములు.

ఇక వాట్లు. దాని కొసల మధ్య 5 వోల్టులుంటే, ఓం నియమం ప్రకారం 0.05 ఆంపియరు ప్రవహిస్తుంది. 5ను 0.05 చేత గుణిస్తే 0.25 వాటు. వేడికి తట్టుకోవాలంటే అర వాటుది వేయాలి.

రెసిస్టరు ఊరికే మాడదు. షార్టయిన ట్రాన్సిస్టరో, కెపాసిటరో కారణం కావచ్చు. ముందు దాన్ని పట్టుకోకపోతే కొత్తదీ మాడుతుంది!