పక్కింటి దేవుడి పాట

శ్రావణ శుక్రవారం పేరంటాల్లోనూ, కార్తీకమాసం భజనల్లోనూ, అపార్ట్‌మెంట్లలో జరిగే పండగ వేడుకల్లోనూ ఈమధ్య ఓ మంచి ముచ్చట కనిపిస్తోంది. మన పాటలతో పాటు ఇతరుల భక్తిపాటలు కూడా నేర్చుకుని పాడాలని ఆడవాళ్లు సరదా పడుతున్నారు. ఓ మీరా భజన, ఓ మరాఠీ అభంగం, క్రిస్మస్ రోజుల్లో ఓ ఏసు పాట, వీలైతే ఓ ఖవ్వాలీ! ఒకప్పుడు కేసెట్టు దొరికితేగానీ ఇలాంటివి వినే వీలుండేది కాదు. ఇప్పుడు సెల్‌ఫోనులో ఏ ప్రాంతం పాటైనా క్షణంలో వినొచ్చు, నాలుగు రోజుల్లో నేర్చేసుకోవచ్చు.

సంతోషించాల్సిన సంగతే. కానీ సినిమా పాట వేరు, భక్తిపాట వేరు కదండీ! భక్తిపాట అంటే ఎవరిదో ప్రార్థన. అందులో ఎవరి మొక్కో, ఎవరి కన్నీళ్లో ఉంటాయి. పక్కింటికి వెళ్లినప్పుడు ఎవరూ చెప్పకుండానే చెప్పులు గుమ్మం బయట విడుస్తాం. మరి పక్కింటివాళ్ల దేవుడి పాట పాడేటప్పుడు ఆ మర్యాద పాటించడం ఎలా?

మనకు కొత్త కాదు

ఆలోచిస్తే ఈ విద్య మనకు ఎప్పటినుంచో తెలుసు. తిరుప్పావై సంగతే చూడండి. శ్రీవిల్లిపుత్తూరు ఆండాళ్ తమిళంలో పాడిన 30 పాశురాలవి. తమిళం ఒక్క ముక్క రాని తెలుగువాళ్లు, విభూతి పెట్టుకునే ఇళ్లవాళ్లు కూడా ధనుర్మాసంలో తెల్లవారుజామున లేచి తిరుప్పావై చదువుకుంటున్నారు. తిరుమలలో ఆ నెలంతా సుప్రభాతానికి బదులు తిరుప్పావై వినిపిస్తారు. 16వ శతాబ్దంలోనే శ్రీకృష్ణదేవరాయలు ఆ తల్లి కథను ‘ఆముక్తమాల్యద’గా తెలుగులో రాశాడు.

ఆ పాట మన ఇళ్లలోకి ఎంత గౌరవంగా వచ్చిందో గమనించారా? భాష మార్చలేదు. నెల మార్చలేదు. ఆండాళ్ పేరు తీసేయలేదు. రోజుకో పాశురం చదివి, తెలిసిన పెద్దలతో దాని అర్థం తెలుగులో చెప్పించుకున్నాం. ఎవరి పాట అయినా ఇలాగే తెచ్చుకుంటే పేచీయే లేదు.

సందర్భం తెలియాలి

మా బ్లాకులో ఒకావిడకు మంచి గొంతు. పాప పుట్టినరోజుకు ‘అబైడ్ విత్ మీ’ అనే ఇంగ్లీషు కీర్తన పాడతానని సిద్ధమైంది. ఢిల్లీలో గణతంత్ర వేడుకల ముగింపు నాడు సైనిక బ్యాండు ఏళ్ల తరబడి వాయించిన బాణీ అది. 2022లో దాన్ని కార్యక్రమంలోంచి తీసేశారు. టీవీలో విని చాలామంది మనసు పారేసుకున్న రాగం. చర్చికి వెళ్లే పొరుగావిడ మెల్లిగా దగ్గరికొచ్చి, ‘‘అక్కా, అది మేం భూస్థాపనలప్పుడు పాడుకుంటాం. పుట్టినరోజుకి వేరేది నేర్పిస్తాను’’ అంది. హెన్రీ ఫ్రాన్సిస్ లైట్ అనే ఇంగ్లండు మతగురువు 1847లో, తన చివరి రోజుల్లో రాసిన కీర్తన అది. పొద్దు వాలుతోంది, నన్ను విడిచిపోకు అని దేవుణ్ణి వేడుకోవడం దాని సారాంశం. బాణీ తీయగానే ఉంటుంది. సందర్భం మాత్రం వేరు.

పీర్ల పండగ పాటలూ అంతే. తెలంగాణ పల్లెల్లో, రాయలసీమలో హిందువులు కూడా పీర్లకు మొక్కుతారు. ఊదు వేస్తారు, మలీద పంచుతారు. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయప్ప స్వామి దగ్గరికి కులమతాలు లేకుండా వెళ్తారు. హసన్, హుసేన్‌లను ఆశన్న, ఊశన్న అని ఇంట్లో బిడ్డల్ని పిలిచినట్టు పిలుస్తూ తెలుగులోనే పాటలు కట్టుకున్నారు. గుండం చుట్టూ అడుగులు వేస్తూ పాడుతుంటే చూసేవాళ్లకు ఆటలా అనిపిస్తుంది. కానీ ఆ పాటల వెనక ఉన్నది 680వ సంవత్సరంలో కర్బలాలో జరిగిన ఘోరం. ప్రవక్త మనవడు హుసేన్‌నూ, ఆయన వాళ్లనూ నీళ్లు అందకుండా చేసి చంపారు. గుక్కెడు నీళ్లకు అలమటించిన పసివాడి కథ కూడా అందులో ఉంది. మొహర్రంలో దారిన పోయేవాళ్లకు షర్బత్ పంచేది ఆ దాహాన్ని తలచుకునే.

పల్లెలో ఆ గుండం దగ్గర వేసే అడుగు ఆ ఊరి సంప్రదాయం. అదే పాటను ఫంక్షన్ హాలు స్టేజీ మీదికి తెచ్చి, రంగు దీపాల కింద చప్పట్లతో, ఈలలతో పాడితే? బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఏడుపుకు తాళం వేసినట్టు ఉండదూ!

పేరు చెరపొద్దు

మన కీర్తనల చివర ‘ముద్ర’ ఉంటుంది. అన్నమయ్య వేంకటేశుణ్ణి తలుస్తాడు. త్యాగయ్య తన పేరే చెప్పుకుంటాడు. ఆ ముద్రే వాళ్ల సంతకం. దాన్ని తీసేసి ఇంకో పేరు పెడితే ఎవరికైనా కష్టంగానే ఉంటుంది.

2018 ఆగస్టులో తమిళనాట వచ్చిన గొడవలో ఇలాంటి బాధ కూడా కలిసింది. కొందరు కర్ణాటక సంగీత విద్వాంసులు ఏసు పాటలు పాడుతున్నారని అభ్యంతరాలు, బెదిరింపులు వచ్చాయి. ఒక ప్రముఖ గాయకుడు ఒప్పుకున్న కచేరీని మానుకున్నారు. త్యాగరాజ కృతుల్లో మాటలు మార్చేస్తున్నారన్నది అప్పటి ఆరోపణల్లో ఒకటి. బెదిరించడం ఎవరు చేసినా తప్పే, అందులో రెండో మాట లేదు. కానీ రాగం తీసుకోవడం వేరు, ఒకరి కృతి తీసుకుని మాటలు మార్చడం వేరు అన్న సంగతి మాత్రం ఆలోచించాల్సిందే.

మన తెలుగు క్రైస్తవుల దగ్గరే దీనికి చక్కని జవాబుంది. పురుషోత్తమ చౌదరి (1803-1890) తెలుగులో ఎన్నో క్రీస్తు కీర్తనలు రాశారు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం తెరిస్తే పాటల పైన రాగం, తాళం పేర్లు కనిపిస్తాయి. రాగాలు అందరివీ. మాటలు ఆయన సొంతం. ఇందులో ఎవరూ నొచ్చుకోవాల్సింది లేదు.

సిక్కుల గురుగ్రంథం ఇంకా గొప్ప ఉదాహరణ. 1604లో గురు అర్జున్ దేవ్ ఆ గ్రంథాన్ని కూర్చినప్పుడు సిక్కు గురువుల కీర్తనల పక్కనే కబీరు, నామదేవుడు, రవిదాసు, షేక్ ఫరీద్ పాటలనూ చేర్చారు. వాటిని తమవే అని చెప్పుకోలేదు. ఎవరి పాట ఎవరిదో వాళ్ల పేరుతోనే ఉంచారు. ఈనాటికీ గురుద్వారాల్లో అవి అలాగే గానం చేస్తారు. పొరుగింటి పాటను గర్భగుడిలో పెట్టుకుని కూడా పేరు చెరపకపోవడమంటే ఇదీ!

బలవంతం వద్దు

అన్నీ పాడడానికి కావు. అజాన్‌నూ, ఖురాన్ పారాయణాన్నీ ‘పాట’ అంటేనే ముస్లింలు నొచ్చుకుంటారు. మనం మంత్రాన్ని పాట అనం కదా, అలాంటిదే. వాటిని నేర్చుకుని ప్రదర్శించడం కంటే మౌనంగా వినడం మర్యాద.

ఇంకో చిక్కుంది. అపార్ట్‌మెంటులో నలభై కుటుంబాలుంటే అందులో ఒకటి ముస్లింలదో, క్రైస్తవులదో అవుతుంది. ‘‘మా భజనలో నువ్వూ గొంతు కలపాలి’’ అని అందరూ ప్రేమగానే అడుగుతారు. కానీ నలభైమందిలో ఒక్కతి కాదనడం ఎంత కష్టమో ఊహించండి. కొందరు వచ్చి కూర్చుంటారు, ప్రసాదం తీసుకుంటారు, పాట మాత్రం పాడరు. ఇంకొందరు ప్రసాదమూ ముట్టరు. అది వాళ్ల నిష్ఠ. మనలోనూ వేరే దేవుడి పాట నోట రానివాళ్లుంటారు. ‘ఇంత సంకుచితమా’ అని దెప్పితే పాటతో కలపాలనుకున్న మనసులు పాట వల్లే విరుగుతాయి.

1947లో ఢిల్లీలో గాంధీజీ ప్రార్థన సభల్లో గీతాశ్లోకాలతో పాటు ఖురాన్ వాక్యాలూ చదివేవారు. దేశ విభజన మంటలు రేగుతున్న రోజులవి. సభలో ఒకరిద్దరు అడ్డు చెబితే, మిగతా జనమంతా కావాలంటున్నా ఆయన ఆ పూట ప్రార్థనే మానుకున్నారు. కాదన్నవాళ్ల నోరు మూయించలేదు. అలాగని ఖురాన్ వాక్యాలు తీసేసి మిగతాది కానిచ్చేయనూ లేదు. పాట విలువా, మనిషి మాట విలువా రెండూ తెలిసినవాడు చేసే పని అది.

గిన్నె ఖాళీగా పంపం కదా!

ఇంతకీ ఏం చేయాలి? మొదట అడగండి. ఆ పాట ఎవరిదో వాళ్లలో ఒకరిని పిలిచి, ఎప్పుడు పాడతారు, అర్థమేమిటి, మేం పాడితే మీకు ఇబ్బందా అని అడగండి. అడిగినందుకు ఎవరూ కోపగించుకోరు. నోరు తిరగని మాటలు వాళ్ల ముందే నాలుగుసార్లు పలికి సరిచేయించుకోండి. పాడేముందు ఇది ఎవరి పాట, ఏ సందర్భంలోది అని సభలో రెండు ముక్కలు చెప్పండి. మాటలు మార్చకండి. అందులో మీకు నచ్చని మాట ఉంటే ఆ పాట వదిలేసి ఇంకోటి ఎంచుకోండి. చర్చిలోనో, దర్గాలోనో, గురుద్వారాలోనో విన్నది ఫోనులో పట్టి గ్రూపుల్లో పెట్టేముందు అక్కడివాళ్ల అనుమతి తీసుకోండి.

అన్నింటికంటే ముఖ్యం, ఇచ్చిపుచ్చుకోవడం. పక్కింటావిడ గిన్నెలో కూర పంపిస్తే ఆ గిన్నె ఖాళీగా తిరిగి పంపం. నాలుగు పళ్లో, కాసిని అప్పాలో వేసి పంపుతాం. పాటకూ అదే లెక్క. వాళ్ల పాట మన పండక్కి కావాలంటే, వాళ్ల పండక్కి మనం వెళ్లి వెనక వరసలో కూర్చుని వినాలి. వాళ్ల ఇంట్లో కష్టం వచ్చినప్పుడు పలకరించాలి. మనిషితో మాటల్లేకుండా పాట ఒక్కటే తెచ్చుకుంటే అది అరువు తెచ్చిన నగే అవుతుంది.

క్రిస్మస్ ఎప్పుడూ ధనుర్మాసంలోనే వస్తుంది. తెల్లవారుజామున గుడి మైకులో తిరుప్పావై, రాత్రి వీధిలో ఇంటింటికీ తిరిగే క్రిస్మస్ పాటలవాళ్లు... ఒకే వారంలో రెండూ మన గుమ్మం ముందుకే వస్తాయి. ఈసారి వాళ్లు వచ్చినప్పుడు తలుపు తీసి, కాసిని మంచినీళ్లిచ్చి, ‘‘ఆ పాటకు అర్థమేమిటమ్మా?’’ అని అడిగి చూడండి.