కొండవాలు మీద ఏది మొలవాలి?

వేసవి ముదిరితే గోదావరి ఎగువన, పాపికొండల నుంచి మారేడుమిల్లి దాకా, ఏజెన్సీ వాలుల మీద అక్కడక్కడా పొగ లేస్తుంది. దిగువన పలివెల, కొత్తపేట వైపు వాళ్ల చెవిన పడేది మాత్రం ఒక్కటే: పోడు పేరుతో అడవిని తగలబెట్టేస్తున్నారని. అందులో నిజం లేకపోలేదు. అయితే కాలిన వాలు మళ్లీ అడవి అవుతుందా, గడ్డీ తుప్పలుగా మిగిలిపోతుందా అన్నది ఎక్కువగా తేల్చేది ఒక మంటకూ మరో మంటకూ మధ్య దొరికే గడువేనని నా వాదన.

కొండరెడ్లు పోడు కొట్టే తీరు చూడండి. చలికాలంలో తుప్పలూ చెట్లూ నరికి ఎండబెడతారు. ఇప్ప, చింత, జీలుగు జోలికి పోరు. ఎండలు ముదిరాక నిప్పు పెట్టి, తొలకరికి ఆ బూడిదలోనే చోళ్లు, సామలు, కందులు వేస్తారు. చెట్లు ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న పొటాషియం, కాల్షియం బూడిదగా నేలకు చేరతాయి. నత్రజని చాలావరకు పొగతో పోతుంది. మట్టి వేడిని తొందరగా లోపలికి పోనివ్వదు కాబట్టి నాలుగు వేళ్ల లోతున వేళ్లు బతికే ఉంటాయి. నరికిన తునికి మోడు నుంచి, కాలిన దుబ్బు నుంచి మళ్లీ చిగుళ్లు వస్తాయి. బీడీకి పనికొచ్చేది ఆ లేత చిగురు మీది ఆకే. అందుకే ఆకు కోతకు ముందు తునికి పొదలను నరికిస్తారు, కొన్నిచోట్ల కాలుస్తారు కూడా. రెండు మూడు పంటలయ్యాక పోడును బీడు వదిలేస్తారు. ముందు గడ్డి, తర్వాత తుప్పలు, వాటి నీడన చెట్ల మొక్కలు వస్తాయి. పది పదిహేనేళ్లు వదిలితే ఆ మొక్కలకు బెరడు మందమవుతుంది. మూడేళ్లకే మళ్లీ నిప్పు పడితే అవి చచ్చి, మోడు నుంచి చిగిర్చేవీ గడ్డీ మిగులుతాయి. ఎండిన గడ్డి మరుసటి వేసవి మంటను ఇంకా సులువుగా పాకిస్తుంది.

దెబ్బతిన్న నేల మీద ఏది నిలుస్తుందో గడువే తేల్చే ఈ సూత్రం మన కొండలదే అనుకోనక్కర్లేదు. ఉత్తర ధ్రువం చుట్టూ ఉన్న టండ్రాలో అడుగున నేల ఏడాది పొడవునా గడ్డకట్టే ఉంటుంది. పైపొర మాత్రం వేసవిలో కరిగి, చలికి మళ్లీ బిగుస్తుంది. మట్టిలోని నీరు మంచై ఉబ్బినప్పుడల్లా నేలను పైకి నెడుతుంది. ఏళ్ల తరబడి ఇలా జరిగి, నాచు పరుపు మధ్య గుండ్రటి బోడి మట్టి మచ్చలు తేలతాయి. వాయవ్య సైబీరియాలో ఆల్డర్ పొదలు ఆ మచ్చల్లోనే మొలిచి విస్తరిస్తున్నాయని పరిశోధకులు గమనించారు. చుట్టూ ఉన్న దట్టమైన నాచు మీద పడిన గింజకు మట్టి అందదు. వరద తీశాక లంకలో కొత్త మేట మీద రెల్లు ముందుగా లేచినట్టే, అక్కడ బోడి నేల పొదకు దారి ఇస్తుంది. మంటా అదే పని చేస్తుంది. 2007లో అలాస్కాలోని అనక్టువుక్ నది దగ్గర వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా టండ్రా కాలింది. నాచు కప్పు పోతే నేలకు ఎండ తగిలి, మరింత లోతు దాకా కరుగుతుంది. మంచు ఎక్కువగా ఉన్న వాలు జారిపోనూ వచ్చు. పైగా వేరూనే గడువు దొరక్కపోతే, మొలకకు చోటిచ్చిన మంచే దాన్ని వేళ్లతో సహా పెకలించేస్తుంది కూడా.

మన మన్యంలోని లంబసింగిలో చలి సున్నా దగ్గరికి దిగినా నేల గడ్డకట్టదు కదా, పోలిక ఎలా కుదురుతుందని అడగవచ్చు. నిజమే, ఇక్కడ మంచుకు ఆ పని లేదు. ఇక్కడ వాలును కోసేది జులై వాన. అందుకే గడువు మన దగ్గర ఇంకా ముఖ్యం. మోళ్లూ వేళ్లూ బతికున్న పోడు మట్టిని కొంత పట్టి ఉంచుతుంది, వరసగా కాలినది వదిలేస్తుంది.

మరి పోడును పూర్తిగా ఆపితే సరిపోదా? 1882 మద్రాసు అటవీ చట్టం నుంచి ఆ ప్రయత్నం జరుగుతూనే ఉంది. కొండలు రిజర్వు అడవులైన కొద్దీ పోడుకు మిగిలిన చోటు కుంచించుకుపోయింది, జనం పెరిగారు, బీడు కాలం తగ్గింది. గడువును మింగేసిన పాపంలో చట్టానికీ వాటా ఉందన్నమాట. 2006 అటవీ హక్కుల చట్టం సాగులో ఉన్న భూమికి పట్టా ఇచ్చింది, మంచిదే. కానీ పట్టా మనిషిని ఒకే చెక్కకు కట్టేస్తుంది. చోటు మారుస్తూ, వదిలేస్తూ సాగే పోడుకు ఆ లెక్క కుదరదు. చాలామంది ఆ వాలుల్లో జీడిమామిడి వేశారు. మంట తగ్గింది, చేతికి డబ్బొచ్చింది. చోళ్లూ సామలూ వెనక్కిపోయాయి, బీడులో లేవాల్సిన అడవికి చోటు లేకుండా పోయింది.