పత్తి, మిర్చి పరిశ్రమలలో ఇంజనీరింగ్ విద్యార్థుల ఇంటర్న్‌షిప్ – యాజమాన్యాలు గమనించవలసిన అంశాలు

గుంటూరు: ఇంజనీరింగ్ విద్యార్థుల వేసవి ఇంటర్న్‌షిప్ సాధారణంగా మే, జూన్ మాసాలలో జరుగుతుంది. గుంటూరు మిర్చి యార్డుకు ఏటా వేసవి సెలవులు ప్రకటించేదీ, పత్తి జిన్నింగు మిల్లులలో పని ఆగిపోయేదీ దాదాపు ఆ కాలంలోనే. ఫలితంగా గుంటూరు, ప్రకాశం ప్రాంతాలలో మిల్లుకు వెళ్లిన విద్యార్థి ఆగి ఉన్న యంత్రాలను ఒకసారి చూచి, హాజరు పట్టికలో సంతకాలు చేసి, ధ్రువపత్రంతో తిరిగి వచ్చే పరిస్థితి ఏర్పడుతున్నది. విద్యార్థి కాలం వృథా కావడమే గాక సంస్థకు సైతం ఏ ప్రయోజనమూ చేకూరడం లేదు. పంట కాలానికి తగిన పనిని ముందుగా నిర్ణయించి, దానిని నేర్పుటకు బాధ్యుడైన ఒక ఉద్యోగిని నియమించినచో ఈ లోపం చాలావరకు తొలగిపోతుంది. సంస్థల యాజమాన్యాలకు, అధికారులకు, పాత్రికేయులకు అవగాహన కల్పించే నిమిత్తం ఈ వివరాలను అందజేయడమైనది.

నేపథ్యం

రాష్ట్ర ఉన్నత విద్యామండలి మార్గదర్శకత్వంలో 2020-21 విద్యా సంవత్సరం నుండి అమలులోకి వచ్చిన పాఠ్యప్రణాళికలలో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అంశమైనది. బి.టెక్. విద్యార్థులకు రెండవ, మూడవ సంవత్సరాల అనంతరం వేసవి కార్యక్రమాలు, చివరి సెమిస్టరులో పూర్తికాలపు ఇంటర్న్‌షిప్ లేదా ప్రాజెక్టు నిర్దేశించబడినవి. వీటికి క్రెడిట్లు ఉన్నందున వీటిని పూర్తి చేయనిదే పట్టా లభించదు. కనుక సంస్థ ఇచ్చే ధ్రువపత్రం మర్యాదపూర్వకమైన కాగితం కాదు. పట్టాకు ఆధారమైన పత్రమది.

బాపట్ల, గుంటూరు, నరసరావుపేట, ఒంగోలు ప్రాంతాలలోని ఇంజనీరింగ్ కళాశాలల విద్యార్థులలో అధిక భాగం హైదరాబాదు, బెంగళూరులలోని సాఫ్ట్‌వేర్ సంస్థల వైపు చూస్తున్నారు. గుంటూరు, చిలకలూరిపేట పరిసరాలలోని జిన్నింగు, స్పిన్నింగు మిల్లులు, మిర్చి శీతల గిడ్డంగులు, కారం మిల్లులు, ఎగుమతి సంస్థలు తమ ఇంటి ముంగిటనే ఉన్నవని గుర్తించేవారు తక్కువ. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనతో ఈ పరిశ్రమలు గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల మధ్య విస్తరించినందున, కళాశాల ఒక జిల్లాలోను, మిల్లు వేరొక జిల్లాలోను ఉండుట సాధారణమైనది.

ఏ కాలంలో ఏ పని

పత్తి రాక అక్టోబరులో మొదలై మార్చి వరకు కొనసాగుతుంది. మిర్చి రాక ఫిబ్రవరి నుండి ఏప్రిల్ వరకు ముమ్మరంగా ఉంటుంది. చివరి సెమిస్టరు విద్యార్థి డిసెంబరు, జనవరిలలో వచ్చినచో జిన్నింగు మిల్లు నడకను, ఆపై మిర్చి రద్దీని ప్రత్యక్షంగా చూడగలడు. పత్తి తేమను కొలుచుట, వంద కిలోల పత్తికి ఎంత దూది, ఎంత గింజ వచ్చినదీ లెక్కించుట, 170 కిలోల బేలు తూకంలో తేడాలను నమోదు చేయుట వంటివి అతనికి అప్పగించదగిన పనులు.

వేసవిలో వచ్చే విద్యార్థికి పని లేదనుట సరికాదు. జిన్నింగు మిల్లులలో యంత్రాలను విప్పి మరమ్మతు చేసేది విరామ కాలంలోనే. డబుల్ రోలర్ జిన్ను రోలర్లకు గాళ్లు వేయుట, కత్తుల మధ్య ఎడమును సరిచేయుట, బేరింగులు మార్చుట అప్పుడే జరుగుతుంది. నడుస్తున్న యంత్రంలో కనబడని భాగాలు మెకానికల్ విద్యార్థికి ఆ సమయంలో కనబడతాయి.

శీతల గిడ్డంగుల పరిస్థితి ఇందుకు భిన్నం. యార్డు సెలవులలో ఉన్నను, రైతులు, వ్యాపారులు నిల్వ ఉంచిన టిక్కీలతో వేసవిలో అవి నిండి ఉంటాయి. బయటి ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు కంప్రెసర్లపై పడే భారాన్ని, గది ఉష్ణోగ్రతను, విద్యుత్ వినియోగాన్ని గంట గంటకు నమోదు చేసి విశ్లేషించుట ఎలక్ట్రికల్, మెకానికల్ విద్యార్థులకు చక్కని ప్రాజెక్టు. ఆ లెక్కలు యజమానికి విద్యుత్ బిల్లు తగ్గించుకొనే దారిని చూపగలవు.

ఆహార సాంకేతిక, కెమికల్ విద్యార్థులకు ఎగుమతి సంస్థలు అనువైనవి. మిర్చిలో కృత్రిమ సుడాన్ రంగులు బయటపడిన దరిమిలా, 2003 నుండి ఎగుమతి సరుకునకు స్పైసెస్ బోర్డు పరీక్షలను తప్పనిసరి చేసినది. ఎండు మిర్చిలో మొత్తం అఫ్లాటాక్సిన్ కిలోకు 10 మైక్రోగ్రాములను మించరాదని ఐరోపా సమాఖ్య పరిమితి విధించినది. కల్లంలో ఆరబెట్టుట మొదలు తాలు కాయల ఏరివేత, తొడిమ తీత, నిల్వ వరకు ఏ దశలో తేమ మిగిలి బూజు పడుతున్నదో గుర్తించుట విద్యార్థి చేయగల పని. కంప్యూటర్ విద్యార్థికి లాట్ల వారీ నిల్వ పట్టికను తయారుచేసే పని అప్పగించవచ్చును.

చేర్చుకొనుటకు ముందు

కళాశాల లేఖ అందిన పిమ్మట సంస్థ ఒక పుట జవాబు వ్రాయుట మంచిది. అందులో ప్రారంభ, ముగింపు తేదీలు, పనివేళలు, అప్పగించే పని, మార్గదర్శి పేరు, భృతి, భోజన, వసతి, రవాణా సౌకర్యాల వివరాలు ఉండవలెను. భృతి లేనిచో లేదని స్పష్టంగా వ్రాయవలెను. మార్గదర్శి విధిగా ఇంజనీరు కానవసరం లేదు. ఇరువది ఏండ్ల అనుభవం గల ఫిట్టరు అయినను సరిపోవును. అయితే రోజుకు కనీసం అరగంట విద్యార్థికి కేటాయించే వెసులుబాటును యాజమాన్యం ఆయనకు కల్పించవలెను. ఒక మార్గదర్శికి నలుగురైదుగురికి మించి అప్పగించరాదు. విద్యార్థికి ప్రమాద బీమా ఉన్నదీ లేనిదీ కళాశాల నుండి ముందుగా నిర్ధారించుకొనవలెను.

భద్రత

మొదటి రోజు యంత్రాల వద్దకు గాక, భద్రతా పాఠానికి కేటాయించుట అవసరం. దూది ధూళిని ఏండ్ల తరబడి పీల్చినవారికి బిస్సినోసిస్ అనే ఊపిరితిత్తుల వ్యాధి వచ్చునని వైద్యశాస్త్రం చెబుతున్నది. కొద్ది వారాలకే వచ్చినను విద్యార్థికి ముఖ తొడుగు ఇవ్వవలసినదే. పత్తిలో కలిసి వచ్చిన రాయి గాని, ఇనుప ముక్క గాని యంత్రంలో నిప్పురవ్వను పుట్టించి మిల్లును దగ్ధం చేయగలదు. కారం మిల్లులో కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. శీతల గిడ్డంగిలో అమ్మోనియా లీకైనచో ఏ ద్వారం నుండి, గాలికి ఏ దిశగా బయటకు పోవలెనో నడిపించి చూపవలెను. నడుస్తున్న యంత్రంలో చేయి పెట్టరాదని, ఒంటరిగా రాత్రి షిఫ్టులో ఉండరాదని వ్రాతపూర్వకంగా తెలుపవలెను.

1948 నాటి కర్మాగారాల చట్టంలోని 27వ సెక్షన్, కాటన్ ఓపెనర్ పనిచేసే చోట పత్తిని ఒత్తే విభాగంలో మహిళలను, బాలలను నియమించరాదని పేర్కొన్నది. ఆ చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్-2020, 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చినది. ప్రమాదం ఉన్నదను కారణంతో విద్యార్థినులను తిరస్కరించుటకు బదులు యంత్రానికి తగిన రక్షణ కవచం బిగించుట సరియైన మార్గం. పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నివారణకు 2013లో చేసిన చట్టం శిక్షణార్థులకు సైతం వర్తిస్తుంది. పదిమంది, అంతకు మించి పనిచేసే సంస్థలో అంతర్గత కమిటీ ఉండవలెను. అంతకంటె చిన్న సంస్థలలోని వారు జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చును. సంబంధిత కమిటీ వివరాలను విద్యార్థినికి మొదటి రోజుననే తెలియజేయవలెను.

ఇంటర్న్, అప్రెంటిస్ ఒకటి కాదు

ఈ రెండు పదాలు వార్తలలో తరచు కలగలిసిపోతున్నవి. అప్రెంటిస్ 1961 నాటి చట్టం కింద నమోదైన ఒప్పందంతో చేరే వ్యక్తి. పట్టభద్ర అప్రెంటిస్‌లకు 2019 నిబంధనలు నెలకు కనీసం 9,000 రూపాయల భృతిని నిర్ణయించినవి. 30 మంది, అంతకు మించి సిబ్బంది గల సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకొనుట విధి. ఈ ఒప్పందం లేకుండా, చదువులో భాగంగా వచ్చే విద్యార్థి ఇంటర్న్ మాత్రమే. 2024 అక్టోబరులో ప్రారంభమైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం వేరొకటి. ప్రారంభ నిబంధనల ప్రకారం పూర్తికాలం చదువుచున్న వారు దానికి అర్హులు కారు. ఏ పేరుతో వచ్చినను, కూలీకి బదులుగా విద్యార్థిని బస్తాలు మోయుటకు, లోడింగు లెక్కలకు మాత్రమే వాడుకొనుట శిక్షణ అనిపించుకోదు.

ముగింపులో

ధ్రువపత్రంలో హాజరైన రోజులు, చేసిన పని, మార్గదర్శి అభిప్రాయం ఉండవలెను. రాని రోజులకు హాజరు వేయుట, రుసుము పుచ్చుకొని పత్రం ఇచ్చుట విద్యార్థికి మేలు చేసినట్లు కాదు. రేపు ఉద్యోగపు ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే ఆ లోటు బయటపడుతుంది. కొనుగోలుదారుల పేర్లు, ధరలు వంటి గోప్య వివరాలను నివేదికలో చేర్చరాదని ముందే చెప్పినచో తరువాత వివాదాలకు తావుండదు. విద్యార్థి నివేదిక ప్రతిని సంస్థ తన వద్ద ఉంచుకొని, తదుపరి సీజనుకు ముందు చదువుట లాభదాయకం.

అధికారులు సంస్థలను సందర్శించినప్పుడు, పాత్రికేయులు ఈ విషయమై వ్రాయునప్పుడు ఎంతమంది విద్యార్థులు వచ్చినారనే సంఖ్యతో పాటు వారికి మార్గదర్శి ఎవరు, అప్పగించిన పని ఏమిటి, భద్రతా పాఠం జరిగినదా అను మూడు ప్రశ్నలు సైతం అడుగవలసినదిగా కోరడమైనది. ఈ మూడింటికి సమాధానం ఉన్న మిల్లులో నేర్చుకొన్న విద్యార్థి, చదువు ముగిసిన పిదప ఆ మిల్లుకే ఇంజనీరుగా తిరిగి వచ్చే అవకాశం ఉన్నది.