ఈడొచ్చిన కుక్కపిల్ల

కుక్కపిల్లను తెచ్చిన రోజు ఇంటిల్లిపాదికీ పండుగే. రెండు చేతుల్లో ఇమిడేటంత ఉంటుంది. పాలగిన్నెలో మూతి ముంచి తుమ్ముతుంది. తన తోకను తానే తరుముకుని బోర్లా పడుతుంది. దాన్ని గుమ్మం దాటి లోపలికి రానివ్వవద్దని ఆంక్ష పెట్టిన బామ్మగారే, నాలుగోనాటికి మడి విప్పిన తరువాత దాన్ని ఒళ్ళో పెట్టుకుని చెవులు నిమురుతూ కనిపిస్తారు.

ఆ సంబరం సుమారు ఆరు నెలలు. ఏడో నెలలోనో ఎనిమిదో నెలలోనో ఇంట్లోకి మరొక కుక్క వచ్చినట్లుంటుంది. పిలిస్తే పలకదు. పలికినా, చూసి, ఆలోచించుకుని, మరో దిక్కుకు పోతుంది. వచ్చినవాళ్ళ మీదికి ఎగురుతుంది. ఆరవేసిన వడియాలు మాయం చేస్తుంది. చెప్పుల జతలో ఎప్పుడూ ఒక్కదాన్నే కొరుకుతుంది. రెండూ కొరికితే, పోనీలే అని కొత్తవి కొనుక్కోవడానికి మనస్సొప్పును గదా! అంతవరకూ నేర్పినదంతా గోదాట్లో కలిసిందని యజమాని నిట్టూరుస్తాడు.

చెప్పుల కోసమే అయితే ఇంత రాయనక్కరలేదు. ధవళేశ్వరం నుంచి కడియం వైపు పోయే కాలువగట్టు మీద తెల్లవారుజామున నడిచే అలవాటు నాకున్నది. మెడకు పట్టీ ఉండి, వెనక మనిషి లేని కుక్కలు అక్కడ అప్పుడప్పుడు ఎదురవుతాయి. వచ్చే పోయే ప్రతి మోటారు సైకిలునూ నిలబడి చూస్తుంటాయి. ముసలివి కావు, రోగిష్టివి కావు. మిసమిసలాడే వయస్సువి. ముద్దుగా ఉన్నన్నాళ్ళు ఉంచుకుని, అల్లరి మొదలవగానే రాత్రిపూట బండిమీద తెచ్చి దించిపోయినవి. బజారులో పుట్టిన కుక్కకు బజారు బ్రతుకు తెలుసు. పెరుగన్నం తిని ఫాను కింద పడుకున్నదానికి ఏం తెలుస్తుంది? ఏ లారీ కిందో పడుతుంది, లేదా అక్కడి కుక్కలే చీల్చేస్తాయి.

విచారమేమంటే, ఆ యజమానులు మరికొన్ని నెలలు ఓపిక పడితే సరిపోయేది.

కుక్కకు ఆరో నెల ప్రాంతంలో ఈడు మొదలవుతుంది. పాలపళ్ళు 28 రాలి, అసలు పళ్ళు 42 వస్తాయి. ఆడదయితే మొదటిసారి ఎదకు వస్తుంది. మగదయితే కాలెత్తడం, గోడ దూకడం నేర్చుకుంటుంది. చిన్నజాతుల్లో ఏడాదికి, పెద్దజాతుల్లో ఏడాదిన్నర రెండేళ్ళకు ఈ ఉద్ధృతి తగ్గుతుంది. 2020లో ఇంగ్లండులోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయానికి చెందిన లూసీ ఆషర్, ఆమె సహచరులు, అంధులకు దారిచూపడానికి పెంచుతున్న కుక్కలను పరీక్షించారు. అయిదో నెలలో “కూర్చో” అనగానే కూర్చున్న కుక్కలే ఎనిమిదో నెలలో పెంచినవారి మాట పెడచెవిని పెట్టాయి. తమాషా ఏమిటంటే, అదే మాట కొత్తవాళ్ళు చెబితే విన్నాయి! ఏడాది నిండేసరికి పెంచినవారి మాట మళ్ళీ చెవికెక్కింది. ఇంటరు పిల్లలకు పాఠం చెప్పే నాకు ఇందులో ఆశ్చర్యమేమీ కనిపించలేదు. ఇంట్లో తండ్రికి ఎదురు తిరిగి, పక్కింటి మాస్టారికి నమస్కారం పెట్టే వయస్సు అది.

మరి దండోపాయం మాటేమిటి? మొక్కై వంగనిది మానై వంగునా అని కర్ర తీసేవారు చాలామంది ఉన్నారు. వారికి మన రాజమహేంద్రవరంలోనే పుట్టిన కథ ఒకటి జ్ఞాపకం చేస్తాను. పదకొండో శతాబ్దంలో నన్నయభట్టు రాజరాజనరేంద్రుని కొలువులో భారతం తెనిగించాడు. కౌరవ పాండవుల కథ ఇంకా ఆరంభం కాలేదు. ఆదిపర్వంలో ముందుగా వచ్చేది ఒక కుక్కపిల్ల. దేవతల కుక్క సరమ కొడుకు సారమేయుడు ఆడుకుంటూ ఆడుకుంటూ జనమేజయుడి యజ్ఞవాటికలోకి వెళ్ళాడు. రాజుగారి తమ్ముళ్ళు ముగ్గురూ పట్టుకుని కొట్టారు. పిల్ల ఏడుస్తూ తల్లి దగ్గరికి పోయింది. వ్యాసభారతంలో తల్లి వెంటనే కొడుకును వెనకేసుకు రాదు. నువ్వేదో తప్పు చేసి ఉంటావంటుంది. హవిస్సు ముట్టలేదు, కనీసం దానివంక చూడనైనా లేదంటుంది పిల్ల. అప్పుడు సరమ నిండుకొలువుకు వచ్చి రాజును నిలదీసింది. తగునూ తగదూ విచారించకుండా సాధువులను బాధించేవారికి అనుకోని భయాలు వస్తాయని చెప్పి వెళ్ళిపోయింది. అంతటి చక్రవర్తీ బెదిరి, శాంతి చేయించడానికి పురోహితుణ్ణి వెదుక్కుంటూ బయలుదేరాడు.

ఆ “అనుకోని భయం” అన్న మాట నాకు శాపంలాగ కాక, అనుభవజ్ఞురాలి మాటలాగ వినిపిస్తుంది. కుక్కను కొడితే అది నేర్చుకునేది వడియాలు తినకూడదని కాదు, మీ చేయి లేస్తే భయపడాలని. మీరు లేనప్పుడు వడియాలు నిక్షేపంగా తింటుంది. గుర్రుమన్నందుకు కొట్టారనుకోండి, గుర్రుమనడం మానేస్తుంది. కోపం మానదు. గుర్రు అనేది అది మనకు చేసే హెచ్చరిక. ఆ హెచ్చరికను కొట్టి పోగొట్టుకుంటే, ఒకనాడు చప్పుడు లేకుండా కరుస్తుంది. అనుకోని భయమంటే అదే గదా!

మా వీధిలో ఒక వకీలుగారున్నారు. మూడేళ్ళ కిందట వేసవిలో రెండు నెలల లాబ్రడారు పిల్లను తెచ్చారు. సంక్రాంతి నాటికి దానికి పదోనెల. భీమవరం వైపు వారి స్వగ్రామానికి దాన్నీ వెంటబెట్టుకు వెళ్ళారు. భోగినాడు కొత్త అల్లుడు గోదావరి మర్యాద ప్రకారం జరీ అంచు తెల్లపంచెతో కారు దిగాడు. కుక్క అప్పుడే పంటబోదెలో మునిగి వచ్చింది. ఆ తరువాత పంచె ఏ రంగున ఉన్నదో మీరే ఊహించుకోండి. అంతటితో పోలేదు. సంక్రాంతినాడు దడి దూకి, పక్కవారు ఏడాదిపాటు బాదంపప్పు పెట్టి మేపిన పందెంకోడిని పొలాల వెంట పరుగెత్తించింది. కోడికి ప్రాణం దక్కింది కాని తోక దక్కలేదు. నష్టపరిహారమివ్వండని కోడి యజమాని వచ్చి కూర్చుంటే, కోళ్ళను పందేలకు ఉసికొల్పడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరమని వకీలుగారు సెక్షనుతో సహా చెప్పి పంపించేశారు.

ఇంటికి వచ్చాక మాత్రం తీర్మానం జరిగింది. కుక్కను ఆకివీడు దగ్గర చుట్టాల చేపలచెరువుకు పంపెయ్యాలని. అక్కడ గుడిసె గుంజకు గొలుసుతో కట్టేస్తే రాత్రిళ్ళు మొరుగుతూ పడి ఉంటుందట. నేను వారిని ఒకటే కోరాను, ఆ సెక్షనును పూర్తిగా చదవమని. కోడిపందేలు కాదన్న ఆ 11వ సెక్షనే, జంతువును మరీ పొట్టి గొలుసుతోనో బరువు గొలుసుతోనో అదేపనిగా కట్టి ఉంచడం క్రూరత్వమంటుంది. కట్టి ఉంచే కుక్కను తగినంతగా తిప్పకపోవడం యజమాని నేరమంటుంది. ఆకలిదప్పులకు గురయ్యేట్లు వదిలివేయడమూ నేరమే. ఈ చట్టానికి మూలం భరతనాట్యానికి గౌరవం తెచ్చిన రుక్మిణీదేవి అరండేల్. ఆమె రాజ్యసభ సభ్యురాలిగా తెచ్చిన బిల్లును నెహ్రూగారి హామీ మీద ఉపసంహరించుకున్నారు. తరువాత ప్రభుత్వమే చట్టం చేసింది. వకీలుగారు కళ్ళజోడు సవరించుకుని చదివి, “సరే, చేపలచెరువు వద్దు. ఇంట్లో దీన్నేం చెయ్యను?” అన్నారు.

చేయవలసినవాటిలో మొదటిది కుక్కకు సంబంధించింది కానే కాదు, మనుషులకు సంబంధించింది. ఆ ఇంట్లో వకీలుగారు “సిట్” అనేవారు. కొడుకు “డౌన్” అనేవాడు. అమ్మగారు “కూర్చోవే తల్లీ” అనేవారు. పనిమనిషి “ఏయ్” అనేది. ఒక్క పనికి నాలుగు మాటలు! వ్యాకరణం తెలియని జీవి ఏ పాఠం వినాలి? తెలుగు ఇళ్ళలో కుక్కతో మాట్లాడగానే ఇంగ్లీషు ఎందుకు పుట్టుకొస్తుందో నాకిప్పటికీ బోధపడదు. బుడాపెస్టులో 18 కుక్కలకు స్పానిషులోనూ హంగేరియనులోనూ ఒకే కథ వినిపించి మెదడును పరీక్షిస్తే, ఇంటిభాష వేరు, పరభాష వేరు అని వాటి మెదడు పోల్చుకున్నట్లు 2022లో వెల్లడించారు. కనుక కూర్చో, రా, ఆగు, వదులు అనే నాలుగు మాటలు చాలు. ఇంటిల్లిపాదీ అవే వాడాలి.

మాట ఒకటైనట్లే తీర్పూ ఒకటి కావాలి. కంచం దగ్గర చేరి ముష్టెత్తే కుక్కకు నలుగురు పెట్టకపోయినా, బామ్మగారు చాటున ఒక ముద్ద పెడితే చాలు. పేకాటలో మనిషి ఎందుకు లేవడు? ప్రతి ఆటా గెలుస్తాడని కాదు, ఎప్పుడో ఒకటి గెలుస్తాడని. కుక్కకూ అంతే. అప్పుడప్పుడు దొరికేదే దాన్ని గట్టిగా పట్టి ఉంచుతుంది. (బామ్మగార్లకు మనవి: పరమాన్నంలో ముద్ద పెట్టకండి. ద్రాక్షా, కిస్‌మిస్సూ కుక్క మూత్రపిండాలను పాడుచేస్తాయి. చాక్లెట్టూ ఉల్లిపాయా కూడా విషమే.)

మీదికి ఎగిరే కుక్కను చేతులతో తోసి కేకలు వేస్తే, అది మన కోపాన్ని ఆటగా లెక్కవేసుకుంటుంది. ఎగిరినప్పుడు పలకకుండా, చూడకుండా వీపు తిప్పండి. నాలుగుకాళ్ళూ నేలకు ఆనగానే వంగి పలకరించండి. “ఎగరకు” అనడం కన్నా “కూర్చో” అనడం మేలు. ఏది చేయకూడదో చెబితే దానికి అర్థం కాదు, ఏది చేయాలో చెబితే చేస్తుంది. కూర్చున్న మరుక్షణమే నోటికి ఏదైనా అందాలి. ఉడికించిన కోడిగుడ్డు ముక్క దివ్యంగా ఉంటుంది. గుడ్డు గుమ్మం తొక్కని ఇళ్ళలో వేలిగోరంత పనీరు ముక్క చాలు. అతిథి వచ్చేవేళకు మెడపట్టీకి తాడు వేసి పట్టుకుంటే, పంచెలకు ప్రమాదముండదు.

“రా” అన్న మాటను మాత్రం ప్రాణంలాగ కాపాడుకోవాలి. పిలిచి, వచ్చాక తిట్టడమూ, స్నానానికి ఈడ్చుకుపోవడమూ చేస్తే ఆ మాట చచ్చిపోతుంది. ఆలస్యంగా వచ్చినా మెచ్చుకోవలసిందే. ఖాళీ స్థలంలో 10 గజాల నూలుతాడు కట్టి వదిలి, పిలిచి, వచ్చినప్పుడల్లా తినిపించి, మళ్ళీ ఆటకు వదిలిపెట్టాలి. కొబ్బరితాడు అరచేయి కోస్తుంది, వద్దు.

ఇక అసలు మందు పని. ఈ వయస్సు కుక్కలో ఊరిచివర బోదెకు సరిపడా కాదు, గోదావరికి సరిపడా ఉరవడి ఉంటుంది. 1852లో పూర్తయిన ఆనకట్టతో కాటన్ దొర వరదను ఎండగట్టలేదు, కాలువల్లోకి మళ్ళించాడు. ఇక్కడా అదే. రోజుకు రెండుపూటలా నడక ఉండాలి. నడకంటే బరబరా లాక్కుపోవడం కాదు. వాసన చూడనివ్వాలి. ప్రతి స్తంభం దగ్గరా ఆగుతుందని విసుక్కోకండి, అది దాని దినపత్రిక. రోహిణీ కార్తెలో సూర్యోదయానికి ముందూ, బాగా చీకటిపడ్డాకా మాత్రమే తిప్పాలి. కుక్క రొప్పి ఒళ్ళు చల్లబరచుకుంటుంది. మనలాగ ఒళ్ళంతా చెమట పట్టదు. తారురోడ్డు మీద మీ చేయి వెనక్కి తిప్పి ఆనించి చూడండి. మీకు కాలితే దానికీ కాలుతుంది.

ఇంట్లో ఉన్నప్పుడు పాత గోనెసంచి మడతల్లో గుప్పెడు మరమరాలు దాచి వెతుక్కోమనండి. అరగంట ముక్కుతో వెతికితే హాయిగా నిద్రపోతుంది. కొరకడానికి కోనసీమవారు కొబ్బరి డొక్క పడేస్తారు. మంచిదే, కాని పక్కన మనిషి ఉండాలి. పీచు మింగితే పేగులకు అడ్డం పడుతుంది.

మంచి కుక్క ఒక్కసారిగా చిరాకు పడుతున్నదంటే మాత్రం శిక్షణ ఆపి పశువైద్యుడికి చూపించాలి. చెవిపోటో, గోమార్ల జ్వరమో కావచ్చు. పిల్లలు కావాలనుకోకపోతే ఆపరేషను సంగతీ అప్పుడే అడగండి. మగకుక్క ఊరిమీద తిరగడం దానివల్ల తగ్గుతుంది, చెప్పులు కొరకడం తగ్గదు. పిచ్చికుక్క వ్యాధి టీకా ఎలాగూ ఏటేటా తప్పదు. ఆటలోనే అయినా పన్ను దిగి రక్తం వస్తే, సబ్బుతో, ధారగా పోసే నీటితో 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్ళవలసిందే.

వకీలుగారి ఇంట్లో ఈ ఏర్పాట్లన్నీ ఒక్కరోజున జరగలేదు. అమ్మగారు “తల్లీ” మానడానికే నెల పట్టింది. మధ్యలో ఒక లా పుస్తకం అట్ట పోయింది. చేపలచెరువు మాట మళ్ళీ ఒకటి రెండుసార్లు వచ్చింది. ఏడాదిన్నర నిండేనాటికి వీధిలో పిలిస్తే తిరిగి రాసాగింది. నిరుడు సంక్రాంతికి అల్లుడు తెల్లపంచెతోనే దిగాడు. కుక్క అరుగు మీద కూర్చునే ఉన్నది. తోక మాత్రం గచ్చంతా ఊడ్చింది. పందెంకోళ్ళ సంగతి వేరు. ఆ దడి పక్కగా వెళ్ళేటప్పుడు వకీలుగారు ఇప్పటికీ తాడు పొట్టిగా పట్టుకుని, జేబులో గుడ్డుముక్కలు సిద్ధంగా పెట్టుకుంటారు.